వదినగారికి నేను కొట్టిన ఊఁ

మా ఇంటికి కొత్త ఇంటర్నెట్ డబ్బా వచ్చిన రోజున ఢిల్లీ మునిర్కాలో మా బ్లాకు బ్లాకంతా మా గుమ్మం ముందు గుమిగూడింది. అంటే, ఎదురు ఫ్లాటు పంజాబీ ఆవిడ తలుపు ఓరగా తీసి చూసింది. అదీ డబ్బా కోసం కాదు, కూరగాయల బండివాడు వచ్చాడేమోనని. మా ఆవిడ అంటూంటుంది, నేను చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని ఇంకోసారి అడగాలని. అందుకే ఇప్పుడు ఎవరూ అడగకుండా నేనే తీసేసుకుంటూ రాస్తున్నాను.

డబ్బా మాకు సరదాకి రాలేదు. గ్యాసు గొట్టాల కోసం మా సందు తవ్వినవాళ్ళు మా పాత టెలిఫోను తీగని కూడా తవ్వి పారేశారు. ఫోను చచ్చిపోయింది. కంపెనీకి వెళ్తే కౌంటరులో అమ్మాయి ఇంక ఆ రాగితీగ వెయ్యం అంది. ఇప్పుడన్నీ గాజు తీగలేనట. గోడకి ఓ డబ్బా పెడతారు, దాంట్లోంచే ఇంటర్నెట్, దాంట్లోంచే ఫోను, నంబరు మాత్రం పాతదే ఉంటుంది అంది. నంబరు పాతదే అన్న మాట నేను మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాను. ఎందుకంటే, ఆ నంబరు మారితే ఇంట్లో నాకు అన్నం మారుతుంది.

ఆ నంబరు ఎవరి కోసమో చెప్పాలి. కాకినాడలో మా ఆవిడ అక్కగారు ఉన్నారు. నాకు వదినగారు. ఎనభైకి దగ్గర్లో ఉన్నారు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. ఉన్న ఒక్క కన్నుకీ ఇప్పుడు శుక్లం వచ్చి పొర కమ్మింది. చెవులు కూడా అంతంత మాత్రం. ఆవిడకి కంఠతా వచ్చిన ఫోను నంబరు ఈ భూమ్మీద ఒక్కటే, మాది. అంకెలు కనబడక్కర్లేదు, వేళ్ళకే తెలుసు. ఢిల్లీ కోడ్ నుంచి చివరి అంకె దాకా తడుముకుంటూ నొక్కేస్తారు.

మా ఆవిడే అక్కడికి చెయ్యచ్చు కదా అంటారేమో. చెయ్యచ్చు. చేస్తే కోడలు ఎత్తి, అత్తగారికి వినబడదని స్పీకరు పెడుతుంది. స్పీకరు పెడితే మాట్లాడుకోవడానికి ఇద్దరికీ "తిన్నారా, పడుకున్నారా" తప్ప ఏమీ మిగలదు. కోడలి పప్పు గురించి కోడలి ముందు ఏం చెబుతారు? అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యి ఆ ఇల్లు కునుకు తీసే వేళకి, వదినగారు గోడ పట్టుకుని హాల్లోకి వచ్చి మాకు ఫోను చేస్తారు. ఎన్నో ఏళ్ళుగా అదే వేళ. మా ఆవిడ ఆ వేళకి ఫోను పక్కన స్టూలేసుకుని కూర్చుంటుంది.

కొన్నాళ్ళుగా ఆ ఫోన్లలో ఒకటే మాట నలుగుతోంది. డాక్టరు ఆ కన్నుకి ఆపరేషను చేయించుకోమంటున్నాడు, ముదిరితే కష్టమంటున్నాడు. వదినగారికి భయం. రెండు కళ్ళున్నవాళ్ళకి ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది, నాకు ఏముంటుంది అంటారు. "నువ్వు చెప్పవే, నువ్వు చేయించుకోమంటే చేయించుకుంటా" అని చెల్లెల్ని అడుగుతారు. ఈవిడకీ భయమే. రేపు ఏమైనా అయితే నా నోటితో చెప్పినట్టవుతుందని మాట దాటేసి, వంకాయల్లోకి దిగుతుంది. కొడుకు చెప్పాడు, కోడలు చెప్పింది, డాక్టరు చెప్పాడు. వదినగారికి కావలసింది చెల్లెలి మాట. చెల్లెలు చెప్పదు. అలా ఉండగా ఫోను చచ్చిపోయింది. మా ఆవిడ మొహం చూడాలి ఆ రోజుల్లో. పోయింది తీగలా లేదు, మనిషిలా ఉంది.

సరే, డబ్బా బిగించేవాడు వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, వీపున నిచ్చెన, నోట్లో గుట్కా. నేను కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, హిందీలో మొదలుపెట్టాను. నేను సైన్యంలో సిగ్నల్స్‌లో చేశాననీ, మంచుకొండల మీద ఊపిరి అందని ఎత్తులో, తుపాకులు మోగుతూండగా టెలిఫోను తీగ లాగాననీ, ఒకసారి తెగిన తీగ రెండు కొసలూ పళ్ళతో పట్టుకుంటే కర్నలుగారి మాట నా దవడలోంచి అవతలికి వెళ్ళిందనీ చెప్పాను.

నేను సిగ్నల్స్‌లో చేసిన మాట నిజం. స్టోర్సులో చేశాను. తీగచుట్టలు లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి, వాడగా మిగిలినవి లెక్కపెట్టి తీసుకునేవాణ్ణి. మంచుకొండ నేను చూసినది క్యాలెండరులో. దవడ సంగతి పూర్తిగా అబద్ధం. ఆ రోజుల్లో నాకు దవడపన్ను నొప్పి మాత్రం ఉండేది.

ఆ కుర్రాడు నమ్మేశాడు. వాళ్ళ మామయ్య కూడా ఫౌజీ అట. గాజు తీగ లాగాడు, డబ్బా గోడకి కొట్టాడు, దీపాలు వెలిగాయి. "అంకల్‌జీ, వైఫైకి పేరేం పెట్టమంటారు?" అన్నాడు. నేను "సిగ్నల్ సెంటర్" అన్నాను. ఆ పేరే పెట్టాడు. ఈ రోజుకీ మా బ్లాకులో ఎవరు ఫోను తెరిచినా ఆ పేరు కనబడుతుంది. పైఫ్లాటు అబ్బాయి నన్ను చూస్తే సెల్యూట్ కొడతాడు. వేళాకోళానికని తెలుసు, అయినా తీసుకుంటాను.

తర్వాత నా మొబైల్లో ఒక యాప్ వేశాడు. ఇంటి నంబరుకి ఫోను వస్తే ఇంట్లోనూ మోగుతుంది, నా మొబైల్లోనూ మోగుతుంది, నేను ఊళ్ళో ఎక్కడున్నా ఎత్తచ్చు అని చూపించాడు. ఇంక పాత ఫోను వైరు డబ్బాకి పెట్టడం ఒక్కటే మిగిలింది. వాడు చెయ్యి చాపాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"బేటా, ఇది కూడా నువ్వే పెడితే నేను ఇన్నేళ్ళు దేశానికి ఏం చేసినట్టు?"

వాడు వెంటనే మడమలు కొట్టి, "జైహింద్, అంకల్‌జీ" అని నిచ్చెన ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను అయిదు నిమిషాల్లో ఫోను బిగించేశాను. అయిదు నిమిషాలు కాదు. మా ఆవిడ కూర వండి, దింపి, నన్ను రెండుసార్లు అన్నానికి పిలిచేంత సేపు పట్టింది. డబ్బా వెనకాల పసుప్పచ్చ రంధ్రాలు వరసగా ఉన్నాయి. పక్కన ఆకుపచ్చది ఒకటి ఉంది. నేను దగ్గరున్న పసుప్పచ్చదాంట్లో దూర్చాను. టక్కుమంది. టక్కుమంటే కూర్చున్నట్టే కదా. ఫోను ఎత్తి చెవిలో పెట్టుకుంటే గుయ్యి లేదు, గుర్రు లేదు, పక్కింటి గోడకి చెవి పెట్టినట్టుంది.

"ఏమండీ, వచ్చిందా?" మా ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని నిలబడింది. కొత్త వస్తువు ఏది వచ్చినా దానికి బొట్టు పెట్టాలి. మా మిక్సీకి, ఇన్వర్టరుకి, నా వినికిడి మిషను డబ్బాకి కూడా పెట్టింది. దీనికీ పెట్టింది.

"వస్తుంది. నంబరు పాత తీగలోంచి దిగి కొత్త తీగ ఎక్కాలి. రైలు మారినట్టు. ఒకటి రెండు రోజులు పడుతుంది."

"ఆ అబ్బాయి అలా చెప్పలేదే?"

"వాడికేం తెలుసు? వాడు సివిలియన్."

మర్నాడు భోజనం అవగానే నేను బేర్ సరాయ్ వెళ్ళిపోయాను. అక్కడ పుస్తకాల దుకాణాల సందులో ఒక టీ బండి ఉంది. సివిల్స్ పరీక్షలు రాసే మన తెలుగు పిల్లలు అక్కడ చేరతారు. వాళ్ళకి చదివి చదివి బుర్రలు వేడెక్కి ఉంటాయి, నా కథలు వింటారు. ఆ రోజు మంచుకొండ సగం ఎక్కి ఉన్నాను, మొబైలు మోగింది. తెర మీద "ఇల్లు" అని వచ్చింది. ఎత్తి హలో అన్నాను.

"ఏమే, ఎన్నాళ్ళయిందే నీ గొంతు విని! చచ్చావనుకున్నా. నీ ఫోను పాడుగాను, రోజూ నొక్కుతున్నా, చచ్చిన పీనుగలా ఉంటోంది!"

వదినగారు. ఆవిడ నా హలో వినలేదు. ఆవిడ ఎవరి హలో వినరు. నేను "వదినగారూ, నేనండీ" అందామనే నోరు తెరిచాను. ఆవిడ మాటల మధ్య ఈగ దూరే సందు కూడా లేదు.

"అయితే మీ ఆయన ఎక్కడ? ఇంకా ఆ టీ బండి దగ్గరే పడుంటున్నాడా? ఆ పిల్లలకి మళ్ళీ మంచుకొండ కథ చెబుతున్నాడా? పాపం, కన్నవాళ్ళు కలెక్టర్లవుతారని పంపిస్తే ఈయన చేతిలో పడ్డారు."

ఆ పిల్లలు నావైపే చూస్తున్నారు. నేను తెరిచిన నోరు మూసేశాను.

"వింటున్నావుటే?"

"ఊఁ," అన్నాను.

ఈ వయసొచ్చాక ఆడగొంతు, మగగొంతు ఊఁ దగ్గర ఒకటే అవుతాయి. మా చిన్నప్పుడు కథ చెప్పేవాళ్ళు ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేవారు. ఊఁ కొట్టడమంటే మాట వినడం కూడా కాదు, ఇంకా పడుకోలేదని చెప్పడం. నేను ఊఁ కొట్టాను. ఆవిడ సాగించారు. కోడలు పప్పులో చింతపండు వేసి దాన్ని పులుసంటోందట. పక్కింటివాళ్ళు మేడ మీద మేడ వేసి ఎండ తినేస్తున్నారట. మళ్ళీ నా దగ్గరికి వచ్చారు. నేను పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడే వాళ్ళ నాన్నగారితో చెప్పారట, కుర్రాడు మంచివాడే, కానీ వాడు మాట్లాడేటప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చుని తగ్గిస్తూండాలి అని. నాకు మండింది. కానీ నిజం చెప్పాలంటే ఇంకా వినాలనిపించింది. మన గురించి మన వెనకాల మాట్లాడేది మన చెవిలోనే పడే అదృష్టం ఎందరికి వస్తుంది?

పిల్లల్లో ఒకడు, "ఎవరంకుల్?" అన్నాడు మెల్లిగా.

నేను మైకు మీద అరచెయ్యి పెట్టి, "హెడ్‌క్వార్టర్స్," అన్నాను. వాళ్ళందరూ టీ గ్లాసులు దింపేశారు. ఒక రకంగా అబద్ధం కాదు. మా ఇంటి మీద ఆజ్ఞలన్నీ అక్కడినుంచే వస్తాయి.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఇంకా స్టూలు మీదే ఉంది. కునుకు తియ్యలేదు. "మోగలేదండీ," అంది. మామూలుగా అంది, అదే బాధ. తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాణ్ణి.

చెప్పెయ్యాల్సింది. చెబితే రెండు సంగతులు బయటపడతాయి: వైరు నేను తప్పుగా పెట్టానని ఒకటి, ఆవిడ అక్క మాటలు అరగంట సేపు దొంగతనంగా విన్నానని రెండోది. మొదటిది సైనికుడికి అవమానం, రెండోది భర్తకి ప్రమాదం. రేపటికి బాగుచేసేస్తే రెండూ అక్కర్లేదు కదా అనుకున్నాను. సాయంత్రం డబ్బా వెనక్కి చెయ్యి పెట్టి పసుప్పచ్చ రంధ్రాలన్నిట్లోనూ వైరు మార్చి మార్చి దూర్చాను. అన్నీ టక్కుమన్నాయి. ఒక్కటీ పలకలేదు. బిగించినవాడికి ఫోను చేస్తే వచ్చేవాడు. కానీ నాకు మడమలు కొట్టి జైహింద్ చెప్పినవాణ్ణి, రా నాయనా, ఈ వైరు ఎందులో పెట్టాలో చెప్పు అని ఎలా అడగను?

రెండో రోజు మధ్యాహ్నం నేను పిల్లల దగ్గరికి వెళ్ళలేదు. కటవారియా సరాయ్ వైపు పార్కులో ఒక మూల బెంచీ చూసుకుని కూర్చున్నాను. ఎండ కోసమని మా ఆవిడకి చెప్పాను. మొబైలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను కాబట్టి ఎండ కోసం కాదని మీకు తెలిసిపోయే ఉంటుంది.

మోగింది. పప్పు అయింది, మేడ అయింది. నాకు ఎదురుగా ఒక కోతి, ఒకాయన మోకాళ్ళ మీదున్న అరటిపళ్ళ సంచీని చాలా పద్ధతిగా విప్పుతోంది. ఆయన పేపరు చదువుకుంటున్నాడు. నేను ఊఁ, ఊఁ అంటూ కోతిని చూస్తున్నాను.

"శుక్రవారం అంటున్నాడే డాక్టరు. ఇవాళ చెప్పకపోతే మళ్ళీ నెల దాకా ఖాళీ లేదట. వీళ్ళకేం, చేయించుకో చేయించుకో అంటారు, రెండేసి కళ్ళున్నవాళ్ళు. నువ్వు చెప్పవే. ఎప్పుడడిగినా వంకాయల్లోకి పారిపోతావు. చేయించుకోనా?"

"ఊఁ."

అటు నిశ్శబ్దం. ఆవిడ ఫోనులో నిశ్శబ్దం నేను పుట్టి ఎరగను. అప్పుడు నాకు అడిగింది ఏమిటో బుర్రకెక్కింది.

"నిజంగానే అంటున్నావా?"

ఇక్కడ నేను ఆగి, వదినగారూ నేను మీ మరిదినండీ, తప్పయిపోయింది అని అరిచాను. అరవలేదు. అరుద్దామనుకుని ఊపిరి పీల్చాను. ఆ ఊపిరి వదిలేటప్పుడు ముక్కులోంచి మళ్ళీ అదే వచ్చింది.

"ఊఁ."

"అమ్మయ్య," అన్నారు వదినగారు. చిన్నగా అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. "నువ్వు వచ్చి పక్కనుంటావుగా. ఉంటావులే. పెడుతున్నా." పెట్టేశారు.

కోతి అరటిపళ్ళు పట్టుకుని చెట్టెక్కింది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. ఆ అమ్మయ్య నన్ను లేవనివ్వలేదు. ఇన్నాళ్ళూ ఆవిడకి కావలసింది డాక్టరు ధైర్యం కాదు, ఆ బరువు చెల్లెలు తీసుకోవడం. తీసుకున్నది చెల్లెలు కాదు, కోతిని చూస్తున్న ముసలాడు. ఆ ఒక్క కన్నుకి ఏమైనా అయితే?

చెప్పేద్దామని గట్టిగా అనుకునే ఇంటికి వచ్చాను. కాళ్ళు కడుక్కుని చెబుదామనుకున్నాను, టీ తాగి చెబుదామనుకున్నాను. టీ సగంలో ఉండగా మా ఆవిడ మొబైలు మోగింది. కాకినాడ కోడలు. మా ఆవిడ చెవులు కూడా వయసుకి తగ్గట్టే ఉన్నాయి కాబట్టి స్పీకరు పెట్టింది.

"చిన్నత్తయ్యగారూ, మీ కాళ్ళకి దణ్ణం పెట్టాలండీ! మీరు చెప్పబట్టి ఒప్పుకున్నారు. శుక్రవారం పొద్దున్నే ఆపరేషను. మీరు వస్తున్నారటగా?"

"నేను చెప్పానా?" అంది మా ఆవిడ. "ఏం చెప్పానమ్మా? ఎప్పుడు చెప్పాను?"

"మధ్యాహ్నం అండీ. ఫోను పెట్టగానే వచ్చి చెప్పారు, చెల్లి ఊఁ అందీ అని."

మా ఆవిడ ఫోను వంక చూడలేదు. నా వంక చూసింది. నేను టీలో బిస్కట్టు ముంచుతున్నాను. అది విరిగి కప్పులో పడింది. ఆ సమయంలో బిస్కట్టుని తీసేవాడి మొహంలో ఎంత నిజాయితీ కనబడుతుందో అంతా తెచ్చిపెట్టుకున్నాను.

"మళ్ళీ చేస్తానమ్మా," అని ఆవిడ పెట్టేసింది. "ఏమండీ. ఊఁ ఎవరన్నారు?"

"మీ అక్క కల కనుంటుంది. పెద్దవాళ్ళకి మధ్యాహ్నం పూట—"

"ఏమండీ."

చెప్పేశాను. పసుప్పచ్చ రంధ్రం, యాపు, టీ బండి, పార్కు, కోతి. వైరు విషయంలో మాత్రం ఆఖరి ప్రయత్నంగా, నువ్వు పెట్టిన కుంకుమ బొట్టు వల్ల డబ్బా మీద గుర్తులు కనబడలేదు అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి డబ్బాని ఇటూ అటూ చూసింది. బొట్టు ముందువైపు ఉంది. వెనకవైపు ఆకుపచ్చ రంధ్రం మీద చిన్న టెలిఫోను బొమ్మ, గోళ్ళరంగులా మెరుస్తూ ఉంది. అద్దాలు పెట్టుకుని ఉంటే నాకూ కనబడేది. తీగలు కలిపేటప్పుడు అద్దాలు పెట్టుకోవడం సిగ్నల్స్‌వాడికి నామోషీ అనుకున్నాను. ఆవిడ వైరు అందులోంచి తీసి ఇందులో పెట్టింది. ఫోను ఎత్తితే గుయ్యిమంది.

నేను తిట్లకి సిద్ధపడ్డాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని, "ఇంకేం చెప్పింది అక్క?" అంది.

"ఏం చెబుతుంది, మామూలే."

"రెండు రోజుల మాటలు నావి మీరు తినేశారు. కక్కండి."

కక్కాను. పప్పు చెప్పాను, మేడ చెప్పాను. నా సంగతి వచ్చేసరికి, మీ ఆయన మంచివాడు అంది అని ముగించాను.

"అక్క అక్కడితో ఆపదు. సరిగ్గా చెప్పండి."

పెళ్ళిచూపుల మాట చెప్పాను. పక్కన ఎవరో కూర్చుని తగ్గిస్తూండాలి అన్నదాకా చెప్పాను. అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. "రేపు నేను చెప్పాలిక," అంది. ఏం చెప్పాలో అనలేదు.

మర్నాడు ఫోను నిజంగా మోగింది, ఇంట్లోనే. నా మొబైలు అప్పటికే ఆవిడ బియ్యం డబ్బాలో పెట్టేసింది. నేను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. వదినగారి గొంతు అక్కడికి కూడా వినబడుతుంది.

"అక్కా, ముందు నా మాట విను. నిన్న నీతో మాట్లాడింది నేను కాదు. మీ మరిదిగారు." ఇది రెండుసార్లు, గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రెండోసారి ఎదురింటి పంజాబీ ఆవిడకి కూడా తెలిసిపోయి ఉంటుంది.

అటునుంచి తిట్లు వచ్చాయి. ఇక్కడ రాయను. రాస్తే తగ్గించి రాశాననుకుంటారు. అవి అయ్యాక ఆవిడ గొంతు మారిపోయింది.

"అయితే ఆ ఊఁ చెల్లదు. నేను చేయించుకోను. డాక్టరుకి చెప్పేస్తా."

మా ఆవిడ ఫోను వైరు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఇప్పుడు వంకాయల్లోకి పారిపోతుందని నేను భయపడ్డాను. నిజంగా భయపడ్డాను, ఇందులో పెంచింది లేదు. ఆవిడ ఏమీ చెప్పకపోతే వదినగారికి ఆ కన్ను మెల్లిగా మూసుకుపోతుంది. చెబితే, ఏమైనా అయితే, ఈవిడ ఇంకెప్పుడూ నిద్రపోదు.

"చెప్పవే. ఉన్నావా? కనబడకపోతే నేనేం కావాలి?"

"కనబడకపోతే నేను వచ్చి నీ దగ్గరే ఉండిపోతాను," అంది మా ఆవిడ. "ఈయన ఇక్కడే ఆ పిల్లల మెస్సులో తింటాడు, కథలు చెప్పుకుంటూ. చేయించుకో అక్కా. ఈసారి నేనే చెబుతున్నాను. నా నోటితో చెబుతున్నాను, చేయించుకో."

నా సంగతి నన్ను అడగకుండా మెస్సుకి రాసేశారని నేను నొచ్చుకోవడానికి కావలసినంత సమయం దొరికింది.

"సరే," అంది వదినగారి గొంతు. "ఆయన్ని కూడా లాక్కురా. ముందు ఊఁ అన్నది ఆయన కదా, బయట కుర్చీలో కూర్చుని అనుభవించమను."

అనుభవించాను. కాకినాడ ఆసుపత్రిలో ఆ ఇనప కుర్చీ మీద నేను నిబ్బరంగా, అందరికీ ధైర్యం చెబుతూ కూర్చున్నానని మా ఆవిడ ముందు ఎవరైనా అంటే ఆవిడ నవ్వుతుంది. నేను ఆ గంటసేపూ ఆవిడ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను, ధైర్యం ఆవిడే చెప్పింది. నా పెదాలు కదులుతూంటే, ఏం మొక్కుకుంటున్నారు అంది. ఇకమీదట మంచుకొండ ఎక్కనని మొక్కుకున్నాను అన్నాను. అంత మొక్కు తీరదు, చిన్నది మొక్కుకోండి అంది.

మర్నాడు పొద్దున్న కట్టు విప్పారు. డాక్టరు వదినగారి గడ్డం పట్టుకుని, మెల్లిగా తెరవండమ్మా అన్నాడు. కోడలు, కొడుకు, మా ఆవిడ మంచం అటువైపు నిలబడ్డారు. జాగా లేక నేను ఇటువైపు, కిటికీ వెలుతురులో నిలబడ్డాను. అందుకని కన్ను తెరవగానే ఆవిడకి ఎదురుగా పడింది నేను.

చాలాసేపు చూశారు. కన్నీళ్ళు తిరిగాయి. "మరిదిగారూ, పెళ్ళిచూపులనాడు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారండీ," అన్నారు.

అనలేదు. కన్నీళ్ళు మాత్రం నిజం, అవి వేసిన మందువి. ఆవిడ అన్నది వార్డులో అందరికీ వినబడింది: "ఒసేయ్ చెల్లీ, ఈ బోడిగుండు ముసలాడెవడే? మీ మావగారా?"

మా ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని, నవ్వు ఆపుకోలేక మంచం మీద కూర్చుండిపోయింది.